మాట తోచడం లేదన్నావు కదా

చిరంజీవి బుజ్జికి పెద్దమ్మ ఆశీస్సులు.

మొన్న ఫోన్‌లో నువ్వన్న మాట నన్ను వదలడం లేదు. "లంచ్‌కి కూర్చుంటే అందరూ ఏదో ఒకటి అని నవ్విస్తారు పెద్దమ్మా, నాకు మాత్రం రాత్రి పడుకున్నాక తోస్తుంది" అన్నావు. అంటున్నప్పుడు నీ గొంతు వణికింది.

30 ఏళ్లు బ్యాంకు కౌంటర్లో కూర్చున్నాను. అక్కడ నేను చూసిన గొప్ప హాస్యగాడు చదువు రాని ఒక తాతగారు. పాస్‌బుక్ తెచ్చి "వడ్డీ పడిందా తల్లీ?" అని అడిగారు. "పడింది తాతా" అన్నాను. అంకె నాచేత చదివించుకుని, "పడేటప్పుడు గట్టిగా దెబ్బ తగిలినట్టుంది, ఇంతలా చిక్కిపోయింది" అన్నారు. క్యూ అంతా నవ్వింది.

ఆ మాట ఆయన ఇంట్లో తయారు చేసుకుని రాలేదు. 'పడింది' అన్నది నేను. ఆయన దాన్ని పట్టుకున్నారు. నవ్వించే మాట నీ బుర్రలో వెతికితే దొరకదమ్మా, ఎదుటివాళ్ల నోట్లోనే ఉంటుంది. నువ్వేమో ఇప్పుడు ఏమనాలా అన్న టెన్షన్‌లో వాళ్లు అన్నదే వినడం లేదు.

సెలవులకు వచ్చినప్పుడు నిన్ను త్యాగరాయ గానసభలో అష్టావధానానికి తీసుకెళ్లాను, గుర్తుందా? అవధానికి ప్రశ్నలు వేసే ఎనిమిది మంది పృచ్ఛకుల్లో ఒకరు అప్రస్తుత ప్రసంగి. అవధాని పద్యం కడుతుంటే అడ్డదిడ్డమైన ప్రశ్న వేసి ధ్యాస చెదరగొట్టడమే ఆయన పని. ఏం అడుగుతారో అవధానికి ముందుగా తెలియదు. అయినా ఆ ప్రశ్నలోని మాటనే తిప్పి జవాబిస్తే సభ ఘొల్లుమంటుంది. అంతటి పండితులు చేసేదీ తాతగారు చేసిందే. దీన్నే మన హైదరాబాద్ ఉర్దూలో హాజిర్ జవాబీ అంటారు.

రోజూ అమీర్‌పేట నుంచి రాయదుర్గం దాకా మెట్రోలో వెళ్తావు కదా, ఇయర్‌ఫోన్లు తీసి బ్యాగులో పెట్టు. చుట్టూ ఎన్ని రెండర్థాల మాటలు దొర్లుతాయో విను. పడటం, ఎక్కడం, కట్టడం, పెరుగు... మన భాష నిండా ఇవే. డాక్టరు పెరుగు తగ్గించమంటే మీ పెద్దనాన్న "దాని పేరే పెరుగు, తగ్గేదెలా?" అన్నారు. వినగా వినగా చెవికి అలవాటవుతుంది. మొదట్లో నోరు మెదపకపోయినా ఏం కాదు. రాత్రి తోస్తోందంటే నీ చెవి పని చేస్తోందన్నమాటే, కాస్త ఆలస్యంగా.

చెప్పేటప్పుడు పొట్టిగా చెప్పు. అసలు మాట చివర్లో పడాలి. తాతగారి 'చిక్కిపోయింది' ముందే వచ్చేస్తే ఎవరూ నవ్వేవారు కాదు. నువ్వు ముందే నవ్వకు. సందర్భం దాటిపోతే వదిలెయ్.

ఒక్క విషయంలో మాత్రం నా మాట తప్పకుండా విను. ఎవరి యాసనూ వెక్కిరించకు. నల్లగొండ నుంచి కొత్తగా వచ్చినప్పుడు నేను 'గిట్ల' అన్నానంటే చాలు, తోటి ఉద్యోగి ఒకతను అదే రాగంతో అని అందరినీ నవ్వించేవాడు. రెండేళ్లు లంచ్ రూమ్‌లో నోరు విప్పలేదు నేను. ఇన్నేళ్లయినా ఆ రాగం చెవిలోనే ఉంది. మీ బల్ల చుట్టూ గోదావరి వాళ్లుంటారు, సీమ వాళ్లుంటారు, పాలమూరు వాళ్లుంటారు. మనిషి ఒళ్లు, రంగు, జీతం, పెళ్లి కాకపోవడం, ఇవీ అంతే. ఆ కాసేపు పదిమంది నవ్వుతారు, ఒకరు మాత్రం ఇంటికెళ్లి ఏడుస్తారు.

ఇంకొకరు మంచి మాట అంటే మనసారా నవ్వు. నవ్వే మనిషి పక్కన కూర్చుంటే ఎవరికైనా మాటలు తన్నుకొస్తాయి. నీ బెరుకు కూడా అక్కడే పోతుంది.

ఆదివారం చిక్కడపల్లి రా. ఈ వారం మెట్రోలో విన్న మాటలు రెండు మీ పెద్దనాన్న ముందు పెట్టు. ఆయన వాటిని ఎటు తిప్పుతారో, నువ్వు ఎటు తిప్పుతావో చూద్దాం.

నీ పెద్దమ్మ