బారులో జారిపడి చెయ్యి విరిగింది.. పరిహారం అడగొచ్చా?

ప్రశ్న: అయిదు నెలల కిందట స్నేహితులతో బారుకు వెళ్లాను. వాష్‌రూమ్ నుంచి వస్తుంటే తడి టైల్స్ మీద కాలు జారి పడ్డాను. కుడి మణికట్టు విరిగితే ఆపరేషన్ చేసి ప్లేటు వేశారు. నెలన్నర పనికి వెళ్లలేకపోయాను. బారువాళ్లేమో ‘తాగి పడ్డారు, మాకేం సంబంధం’ అంటున్నారు. ‘ప్రమాదాలకు యాజమాన్యం బాధ్యత వహించదు’ అని గోడకు బోర్డు కూడా ఉంది. బిల్లు కట్టింది నేను కాదు, మా స్నేహితుడు. కేసు నిలుస్తుందా?

జవాబు: నిలుస్తుంది. అయితే మీరు జారిపడ్డారని చెబితే సరిపోదు. నేల తడిగా ఉందని వాళ్లకు తెలుసనో, తెలిసి ఉండాల్సిందనో చూపించాలి. ఎవరో గ్లాసు ఒలకబోసిన అర నిమిషానికే మీరు అక్కడ అడుగు వేశారనుకోండి, బారు తప్పించుకోగలదు. అదే వాష్‌రూమ్ గడప దగ్గర నీళ్లు గంటల తరబడి నిలిచి, తుడిచేవాళ్లు లేక, మ్యాట్ గానీ హెచ్చరిక బోర్డు గానీ లేకపోతే అది నిర్లక్ష్యమే.

దీనికి సీసీటీవీని మించిన సాక్ష్యం లేదు. కానీ డిస్కు నిండగానే రికార్డరు పాత ఫుటేజీని చెరిపేసుకుంటుంది, అయిదు నెలల తర్వాత అది మిగిలి ఉంటుందన్న నమ్మకం తక్కువ. అయినా లీగల్ నోటీసులో తేదీ, సమయం వేసి అడగండి. దొరికితే ఆ ఎలక్ట్రానిక్ రికార్డును ధ్రువీకరిస్తూ భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63(4) కింద ఇచ్చే సర్టిఫికెట్ జత చేయాలి. పక్కనున్న స్నేహితుల అఫిడవిట్లు తీసుకోండి. ఫొటోలుంటే అవి తీసిన ఫోన్‌ను మార్చకుండా అలాగే ఉంచండి.

అన్నిటికంటే ముందు ఆసుపత్రి కేస్ షీట్ కాపీ తెప్పించుకుని, దెబ్బ ఎలా తగిలిందో రాసిన మొదటి వాక్యం చదవండి. తాగిన సంగతి దాచాలని క్యాజువాల్టీలో ‘ఇంట్లో పడ్డాను’ అని చెప్పేవాళ్లు చాలామంది. ఆ ఒక్క ముక్క పట్టుకుని అవతలి లాయరు మిమ్మల్ని గంటసేపు నిలదీస్తాడు.

తాగడం వల్ల హక్కు పోదు. మందు పోసే చోటికి తాగినవాళ్లే వస్తారు, నేలను, మెట్లను, వెలుతురును అందుకు తగ్గట్టే చూసుకోవాలి. కాకపోతే పడడంలో మీ అజాగ్రత్త పాలు ఎంతని కోర్టు లెక్కకడుతుంది. అది 30 శాతమని తేలితే పరిహారంలో అంత కోత పడుతుంది. కాబట్టి ఎంత తాగారో దాచొద్దు. బిల్లులో ఎలాగూ ఉంటుంది.

బోర్డు సంగతి. హోటల్ సిబ్బందికి పార్కింగ్ కోసం అప్పగించిన కారు చోరీ అయిన కేసులో, ‘ఓనర్ రిస్క్’ అని అచ్చువేసుకున్నంత మాత్రాన సొంత నిర్లక్ష్యం నుంచి హోటల్ తప్పించుకోలేదని సుప్రీంకోర్టు 2019లో తేల్చింది. మీ విషయంలోనూ అదే వాదన పనికొస్తుంది.

బిల్లు స్నేహితుడు కట్టినా ఫర్వాలేదు. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం డబ్బు కట్టినవారి సమ్మతితో సేవ పొందినవారూ వినియోగదారులే. ఆ బిల్లు మాత్రం సంపాదించండి. దానిమీద జీఎస్టీ నంబరు ఉంటే జీఎస్టీ పోర్టల్‌లో కొట్టి చూడండి, అసలు యజమాని పేరు బయటపడుతుంది. బోర్డు మీద ఒక పేరు, లైసెన్సు మరొకరిది, నడిపేది ఇంకొకరు అన్నది ఈ వ్యాపారంలో మామూలే. లైసెన్సుదారునూ నడిపేవారినీ ఇద్దరినీ ప్రతివాదులుగా చేర్చండి. పబ్లిక్ లయబిలిటీ పాలసీ (వచ్చినవారికి దెబ్బ తగిలితే పరిహారం చెల్లించే బీమా) ఉందేమో లీగల్ నోటీసులోనే అడగండి. ఉంటే రాజీ త్వరగా కుదురుతుంది.

ఎక్కడ వేయాలి? నా సలహా జిల్లా వినియోగదారుల కమిషన్. దాని పరిధిని మీరు అడిగే పరిహారాన్ని బట్టి కాక, సేవకు చెల్లించిన మొత్తాన్ని బట్టి చూస్తారు. పరిమితి 50 లక్షలు. చెల్లించింది 5 లక్షల లోపైతే ఫీజు లేదు. మీరు నివసించే జిల్లాలోనే వేసుకోవచ్చు. ఘటన జరిగిన రోజు నుంచి రెండేళ్లు గడువు. కమిషన్ నోటీసు అందాక జవాబుకు అవతలివారికి 30 రోజులు, ఆపైన గరిష్ఠంగా 15 రోజులు. మూడు నెలల్లో తేల్చాలని చట్టం అంటుంది, ఆచరణలో అంతకు మించే పడుతుంది. సాక్షులను విస్తారంగా విచారించాల్సిన చిక్కు కేసైతే సివిల్ కోర్టుకు వెళ్లమంటారు. అక్కడ గడువు మూడేళ్లు, కోర్టు ఫీజు మాత్రం అడిగిన మొత్తాన్ని బట్టి కట్టాలి.

పోలీసు ఫిర్యాదుకూ దారి ఉంది. ఎముక విరిగితే అది తీవ్ర గాయం. భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 125(బి) కింద మూడేళ్ల వరకు శిక్ష పడొచ్చు. కానీ దాంతో మీకు డబ్బు రాదు, పైగా తడి నేల కేసులో ‘దుడుకుతనం’ గానీ, నేరమయ్యేంత నిర్లక్ష్యం గానీ రుజువు చేయడం కష్టం.

ఎంత అడగాలి? ఆసుపత్రి, మందులు, ఫిజియోథెరపీ బిల్లులు. జీతం పోయినట్టు యజమాని ఇచ్చే లేఖ. ముందుముందు ప్లేటు తీయాల్సి వస్తే ఆ ఖర్చుకు డాక్టరు రాసిచ్చిన అంచనా. వీటికి బాధ, అసౌకర్యం కింద వేరే మొత్తం చేర్చండి. మణికట్టు పూర్తిగా తిరగకపోతే వైకల్య ధ్రువపత్రం తీసుకోండి. అందులో 15 శాతం అని ఉంటే సంపాదన కూడా 15 శాతమే తగ్గిందని కాదు. టైలరుకు కుడి మణికట్టు పోవడం వేరు, కౌంటర్లో కూర్చునేవారికి పోవడం వేరు. మీరు చేసే పని ఏమిటో, అందులో ఇప్పుడు ఏది చేయలేకపోతున్నారో అఫిడవిట్‌లో విడిగా రాయండి.