మెడ మీద ఎర్రగీత ఎందుకు?

ప్రశ్న: బ్రిటన్‌లోని వేల్స్‌లో, కార్డిఫ్ ఊళ్ళో చదువుతున్న మా అబ్బాయి అక్కడి ఓ పల్లె చర్చిలో రంగుటద్దాల కిటికీ ఫొటో తీసి పంపాడు. కింద వినిఫ్రెడ్ అని పేరుంది. చేతిలో వంపు కర్ర, మెడ చుట్టూ సన్నటి ఎర్రగీత. అది గొలుసని మా సంఘం పెద్దలంటున్నారు. ఆ బొమ్మ మా చర్చి కిటికీకి పెట్టిద్దామంటే, డాబాగార్డెన్స్‌లో ఒకతను స్టిక్కర్ వేసేస్తానన్నాడు. వేయించమంటారా?
- ఓ పాఠకురాలు, మహారాణిపేట, విశాఖపట్నం

జవాబు: గొలుసు కాదండీ, కత్తి గాటు! వినిఫ్రెడ్ 7వ శతాబ్దపు వేల్స్ అమ్మాయి. కరాడోగ్ అనే రాజవంశీకుడు వెంటపడితే, నేను దేవుడికే అంకితమని చెప్పి చర్చి వైపు పరుగెత్తిందట, వాడు కోపంతో తల నరికేశాడట. తల పడ్డచోట ఊట పుట్టిందనీ, మేనమామ బెయ్నో తలను మొండేనికి ఆనించి ప్రార్థిస్తే లేచి కూర్చుందనీ, గాటు మచ్చ మాత్రం చివరిదాకా ఉండిపోయిందనీ కథ. ఇదంతా రాసింది 12వ శతాబ్దంలో, అంటే ఐదొందల ఏళ్ళ తర్వాత, కాబట్టి ఎంత నమ్మాలో మీ ఇష్టం. ఊట మాత్రం నిజమే, హోలీవెల్ అనే ఊరికి పేరే దాన్నిబట్టి వచ్చింది, ఇప్పటికీ జనం వెళ్ళి అందులో మునుగుతారు. తర్వాత ఆమె సన్యాసినుల మఠానికి పెద్ద అయిందంటారు, ఆ కర్ర అందుకే.

అసలు ముఖం ఎలా ఉండేదో గీసినవాడికేం తెలుసు? నెమలిని చూసి కుమారస్వామి అనుకున్నట్టే అక్కడా గుర్తులే ఆధారం. బిషప్పు భుజం మీద పావురముంటే వేల్స్‌లో అది దాదాపుగా అక్కడి పునీతుడు డేవిడే, ఆయన బోధిస్తుంటే కాళ్ళకింద నేల గుట్టలా లేచి, పావురం వచ్చి వాలిందని చెబుతారు.

మీ అబ్బాయి చూసిన కిటికీ బహుశా 19వ శతాబ్దానిది. మధ్యయుగపు అద్దాలు మత సంస్కరణల గొడవల్లో చాలా పోయాయి.

ఇక స్టిక్కర్. అసలు పనిలో నీలం, ఎరుపు లాంటి రంగులు అద్దం కరిగించేటప్పుడే కలుస్తాయి, ముఖం గీతలు లోహపు ఆక్సైడు, గాజుపొడి కలిపిన రంగుతో గీసి కొలిమిలో కాలుస్తారు, ముక్కల్ని సీసపు పట్టీలతో కలుపుతారు. అందుకే వందల ఏళ్ళున్నా వెలవవు. స్టిక్కర్ మన వైజాగ్ ఎండకి తెల్లబడుతుంది. డబ్బు తక్కువైతే చిన్న కిటికీయే చేయించండి, కానీ పనివాడికి ముందే కథ చెప్పండి, లేకపోతే ఆ గీతకి లాకెట్ కూడా తగిలిస్తాడు.