‘కణాల్లో’నా ‘కణాల్లోని’నా? ఒక్క ‘ని’తో ప్రయోగమే మారిపోతుంది

సందేహం: బయాలజీలో రీసెర్చ్ చేస్తున్నానండి. మా పని గురించి తెలుగులో ఒక పేజీ రాయాల్సొచ్చి ‘జీవకణాలలోని ఆర్‌ఎన్‌ఏతో పరస్పర చర్య జరిపే మాంసకృత్తులను గుర్తించుట’ అని హెడ్డింగ్ పెట్టాను. ‘కణాలలో’ అంటే చాలు, ఆ ‘ని’ దండగ అని ఒక ఫ్రెండ్ అంటోంది. ఇంకొకరేమో ‘ఆర్‌ఎన్‌ఏని బంధించే’ అని మార్చమంటున్నారు. ఏది రైటు?

సమాధానం: ఆ ‘ని’ దండగేం కాదండీ, అసలు మీ హెడ్డింగ్‌లో చిక్కంతా దాని దగ్గరే ఉంది. ‘గదిలోని వాళ్ళు కొట్టుకున్నారు’ అంటే ఆ వాళ్ళు ఎవరో తెలిసింది గానీ కొట్లాట గదిలోనే జరిగిందన్న గ్యారంటీ లేదు, బయటికొచ్చి రోడ్డు మీద కొట్టుకుని ఉండొచ్చు. ‘గదిలో కొట్టుకున్నారు’ అంటే మాత్రం కొట్లాట జరిగిన చోటే గది. ‘లోని’ పక్కనున్న నామవాచకానికి అతుక్కుంటుంది, ‘లో’ క్రియ దాకా వెళ్తుంది. అంటే మీ హెడ్డింగ్ ప్రకారం డీఎన్‌ఏకి నకలుగా తయారయ్యే ఆ ఆర్‌ఎన్‌ఏ కణాల్లోది, సరే, మరి ప్రోటీన్ (అదే, మీ మాంసకృత్తు) దాన్ని పట్టుకున్నది ఎక్కడ? కణంలోనా, కణాన్ని పగలగొట్టాక ట్యూబులోనా? వాక్యం చెప్పట్లేదు.

ఇది పండితుల చాదస్తం అనుకోకండి. కణాన్ని పగలగొట్టి రసం తీస్తే లోపల విడివిడి గదుల్లో ఉండాల్సినవన్నీ ఒకేచోట కలిసిపోతాయి కదా, అప్పుడు ఎన్నడూ కలవని ప్రోటీను, ఆర్‌ఎన్‌ఏ కూడా కొత్తగా జత కట్టేస్తాయి. ఇలా పగలగొట్టాక కూడా జతలు ఏర్పడతాయని 2004లో మిలి, స్టైట్జ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు చూపించారు. అందుకే కదా మీవాళ్ళు కణాలు ఇంకా బతికుండగానే 254 నానోమీటర్ల అతినీలలోహిత కాంతి కొట్టి, ఆ క్షణానికి ఏది దేన్ని పట్టుకునుందో దాన్ని అలాగే బిగించేసి, ఆ తర్వాతే పగలగొడతారు! ఇంత కష్టపడి చేసిన పనిని ఒక్క ‘ని’ పెట్టి పాత పద్ధతిలా చూపిస్తే ఎలా చెప్పండి.

అలాగని ఉట్టి ‘లో’ పెడితే అయిపోయిందా అంటే అదీ లేదు. ‘కణాల్లో ఆర్‌ఎన్‌ఏని పట్టుకునే ప్రోటీన్లని గుర్తించడం’ అంటే కణాల్లో జరిగేది పట్టుకోవడమా, గుర్తించడమా? ‘లో’ ఏ క్రియకైనా వెళ్ళగలదు. మీ గుర్తింపు జరిగేదేమో అణువుల బరువు తూచే మాస్ స్పెక్ట్రోమీటర్ అనే యంత్రంలో, కణాలు పోయి చాలాసేపయ్యాక. పైగా వాడుకలో ‘ఇంట్లోవాళ్ళు’ అన్నప్పుడు ‘లో’ ఒక్కటే ‘లోని’ పని కూడా చేసేస్తుంది. కాబట్టి ‘ఉండగా’ అనో ‘ఉన్న’ అనో ఒక మాట సాయం పెట్టుకోవడం మంచిది.

ఇక ‘జీవకణం’. చచ్చిపోయిన కణాన్ని కూడా జీవకణం అనే అంటాం, అది జీవి తాలూకు కణం అని అర్థం అంతే. మీకు కావాల్సింది బతికున్న కణం. సజీవ కణం అన్నా ఓకే.

క్రియల సంగతి. ‘బంధించు’ నాకు నచ్చలేదు. రసాయన ‘బంధం’ అనే నామవాచకం బాగానే అలవాటైంది గానీ, ‘బంధించడం’ అనగానే చెరసాల గుర్తొస్తుంది. ప్రోటీన్ ఆర్‌ఎన్‌ఏని పట్టుకుంటుంది, పని చూసుకుంటుంది, వదిలేస్తుంది. ‘అంటుకోవడం’ కూడా వద్దు, నిప్పో జబ్బో అంటుకున్నట్టుంటుంది. హాయిగా ‘పట్టుకోవడం’ అనండి. కాంతి కొట్టాక జరిగేది వేరే సంగతి, అక్కడ నిజంగా కోవలెంట్ బంధం, అంటే గట్టి రసాయన బంధం పడిపోతుంది, ఎంత ఘాటు డిటర్జెంట్‌తో కడిగినా ఊడదు. దానికి ‘అతుక్కుపోవడం’ సరిగ్గా సరిపోతుంది. ‘అతుక్కుంది’ అంటే ఊడొచ్చేమో, ‘అతుక్కుపోయింది’ అంటే ఇక రాదు, ఆ ‘పోవు’లోనే ఉంది కిటుకంతా.

‘పట్టుకునే’, ‘పట్టుకున్న’ తేడా కూడా చూసుకోండి. ‘పట్టుకునే ప్రోటీన్’ అంటే దానికి ఆ స్వభావం ఉందని, ట్యూబులో కలిపి చూసినా ఆ మాట అనొచ్చు. ‘పట్టుకున్న ప్రోటీన్’ అంటే పట్టుకుంటూ దొరికిపోయిందని. 2012లో హెంట్జె అనే శాస్త్రవేత్త బృందం హీలా కణాల (ల్యాబుల్లో పెంచే మనిషి క్యాన్సర్ కణాల) మీద కాంతి కొట్టి, ఆర్‌ఎన్‌ఏ చివర ఉండే ‘ఎ’ అనే రసాయన అక్షరాల తోక ఆధారంగా, ఆ తోకని పట్టుకునే పూసలతో లాగి, దాదాపు 860 ప్రోటీన్ల లిస్టు తీసింది. అందులో చాలావాటికి ఆర్‌ఎన్‌ఏతో పనుందని అంతకుముందు ఎవరూ అనుకోలేదు, జీవక్రియల ఎంజైములు కూడా ఉన్నాయి! వాటిని ‘పట్టుకున్నవి’ అనడమే న్యాయం, ‘పట్టుకునేవి’ అని వాటి స్వభావం మీద ముద్ర వెయ్యడానికి ఇంకా పరీక్షలు కావాలి. ఇంకోటి, తోక పట్టి లాగారు కాబట్టి తోక లేని ఆర్‌ఎన్‌ఏల సంగతి అందులో రాదు. మీరూ అదే పద్ధతి వాడుంటే ‘తోక ఉన్న ఆర్‌ఎన్‌ఏ’ అని ఎక్కడో ఒకచోట చెప్పాలి.

‘పరస్పర చర్య’ తప్పని అనను, కాకపోతే నేరుగా తాకిందా, మధ్యవర్తి ద్వారానా అన్నది ఆ మాట తేల్చదు. 2015లో ఎక్స్ క్రోమోజోమ్ నోరు మూయించే, అంటే దాన్ని పనిచెయ్యనివ్వని ‘ఎగ్జిస్ట్’ అనే ఒకే ఒక్క ఆర్‌ఎన్‌ఏ మీద రెండు పరిశోధనలు వచ్చాయి. కాంతి వాడిన బృందానికి 10 ప్రోటీన్లు దొరికితే, బిగించడానికి కాంతి బదులు ఫార్మాల్డిహైడ్ అనే రసాయనం వాడిన బృందానికి 81 దొరికాయి. తేడాకి ఇదొక్కటే కారణం కాదనుకోండి, కానీ ఈ కాంతి ఆర్‌ఎన్‌ఏని నేరుగా తాకుతున్నదాన్నే దానికి అతికిస్తుంది, ఫార్మాల్డిహైడ్ ప్రోటీన్‌కి ప్రోటీన్‌ని కూడా కలిపేస్తుంది కాబట్టి పట్టుకున్నవాళ్ళతో పాటు వాళ్ళ చెయ్యి పట్టుకున్న చుట్టాలు కూడా వచ్చేస్తారు.

‘గుర్తించుట’ బదులు ‘కనుక్కోవడం’ మేలు. మీ సబ్జెక్ట్‌లో ప్రోటీన్ కూడా ఆర్‌ఎన్‌ఏ వరసని ‘గుర్తిస్తుంది’ కదా, రేపు లోపల ‘ఆర్‌ఎన్‌ఏని గుర్తించే ప్రోటీన్లని గుర్తించాం’ అని రాయాల్సొస్తే చదివేవాళ్ళకి తల తిరుగుతుంది. మాంసకృత్తులా ప్రోటీన్లా అన్నది మీ ఇష్టం, నేనైతే ప్రోటీన్లే అంటాను.

మొత్తానికి నా ఓటు ‘కణాలు బతికుండగా వాటిలో ఆర్‌ఎన్‌ఏని పట్టుకుని ఉన్న ప్రోటీన్లేవో కనుక్కోవడం’ అనేదానికి. మీరు కాంతి కాకుండా ఫార్మాల్డిహైడ్ వాడుంటే మాత్రం ‘పట్టుకుని ఉన్న’ తీసేసి ‘ఆర్‌ఎన్‌ఏ చుట్టూ చేరిన’ అని పెట్టండి.