ఆ తుంటి ఎముక ఎవరిది?

ప్రశ్న: తొమ్మిదో శతాబ్దంలో ఇంగ్లండ్‌లోని వెసెక్స్ రాజ్యాన్ని ఏలిన ఆల్‌ఫ్రెడ్ రాజు ఎముక వించెస్టర్‌లో దొరికిందని ఒకచోట, పరీక్షిస్తే ఆయనది కాదని తేలిందని మరొకచోట చదివాను. ఏది నమ్మమంటారు?
– ఒక పాఠకురాలు

జవాబు: మీరు చదివిన రెండు వార్తలూ వేర్వేరు ఎముకల గురించి వచ్చినవి.

899లో మరణించిన ఆల్‌ఫ్రెడ్‌ను మొదట వించెస్టర్ పాత మఠంలో ఖననం చేసి, తరువాత ఆయన కొడుకు ఎడ్వర్డ్ కట్టించిన కొత్త మఠానికి మార్చారు. 1110లో ఆ మఠం సన్యాసులు ఊరి ఉత్తర ద్వారం వెలుపల ఉన్న హైడ్‌కు తరలిపోతూ రాజకుటుంబం అస్థికలనూ వెంట తీసుకువెళ్లారు. పదహారో శతాబ్దంలో, ఇంగ్లండ్ రాజు ఎనిమిదో హెన్రీ కాలంలో హైడ్ మఠం రద్దయింది. అయితే అసలు ఘోరం 1788లో జరిగింది. ఆ స్థలంలో జైలు కట్టడానికి మట్టి తవ్వుతున్న ఖైదీలకు రాతి శవపేటికలు తగిలాయి. వాటిని పగలగొట్టి, లోపలి సీసం అమ్ముకుని, ఎముకలను ఎక్కడివక్కడ విసిరేశారు. ఈ విషయం చదివినప్పుడల్లా నాకు మనసు చివుక్కుమంటుంది.

తరువాతి శతాబ్దంలో ఒక ఔత్సాహికుడు అక్కడ తవ్వి, ఆల్‌ఫ్రెడ్‌వేనంటూ కొన్ని ఎముకలు చూపాడు. వాటిని పక్కనున్న సెయింట్ బార్తొలోమ్యూ చర్చి ఆవరణలో పేరు లేని గోతిలో పూడ్చారు. 2013లో వెలికితీసి, ఎముకల కాలాన్ని తేల్చే కార్బన్ పరీక్ష చేస్తే, అవి ఆల్‌ఫ్రెడ్ పోయిన కనీసం రెండు వందల ఏళ్ల తరువాతివని తేలింది. ‘కాదు’ అన్న వార్త వీటి గురించే.

రెండోది 1999 తవ్వకాల్లో మఠం చర్చిలో ప్రధాన ప్రార్థన వేదిక ఉన్న చోటికి దగ్గరలో దొరికి, ఏళ్ల తరబడి మ్యూజియం పెట్టెలో ఉండిపోయిన తుంటి ఎముక ముక్క. అది 26–45 ఏళ్లు లేదా అంతకంటే ఎక్కువ వయసున్న పురుషుడిదని, 895–1017 మధ్య కాలానిదని 2014లో ప్రకటించారు. హైడ్ మఠం పుట్టిందే 1110లో గనుక, అంతకంటే పాతదైన ఆ ఎముక మరోచోటి నుంచి తెచ్చినదే అయివుండాలి. ఈ ఒక్క ఆధారమే నాకు అన్నిటికన్నా బలంగా కనిపిస్తుంది.

అయినా దాన్ని ఆల్‌ఫ్రెడ్‌దే అనడం తొందరపాటు. ఆ వేదిక ముందు 924లో మరణించిన ఎడ్వర్డ్ అస్థికలూ ఉండేవి. తండ్రీకొడుకుల మరణాల మధ్య తేడా పాతికేళ్లే కాగా, పరీక్ష చెప్పిన వ్యవధి నూట ఇరవై ఏళ్లు. జర్మనీలోని మాగ్డెబర్గ్‌లో దొరికిన ఎముకలు ఆల్‌ఫ్రెడ్ మనవరాలు ఎడిత్‌వేనని 2010లో నిర్ధారించగలిగారంటే, ఆమె బాల్యం గడిచిన ప్రాంతం గుర్తులు పంటి పింగాణీలో నిలిచివుండబట్టే. తుంటి ఎముకకు ఆ వీలు లేదు. పైగా తండ్రి నుంచి కొడుక్కి వచ్చే వై క్రోమోజోమ్ ఇద్దరిలోనూ దాదాపు ఒకటే కాబట్టి, దాని ద్వారా కూడా వారిని విడదీయడం కష్టం.