ఈ-యాంటిజెన్ నెగటివ్ వస్తే హెపటైటిస్ బి తగ్గినట్టేనా?

ప్రశ్న వేసినవారి రిపోర్టులో హెచ్‌బీఎస్‌ఏజీ (ఎస్-యాంటిజెన్, ఒంట్లో హెపటైటిస్ బి వైరస్ ఉందని చెప్పేది) పాజిటివ్, హెచ్‌బీఈఏజీ (ఈ-యాంటిజెన్, వైరస్ జోరుగా పెరిగేటప్పుడు సాధారణంగా కనిపించేది) నెగటివ్, ఎస్‌జీపీటీ (కాలేయ కణాలు దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎంజైమ్) 38 ఉన్నాయి. తాను ఏ దశలో ఉన్నట్టు, జబ్బు తగ్గుముఖం పట్టిందని సంతోషించవచ్చా అని అడిగారు. ఆ మూడు ముక్కలు చూసి దశ చెప్పగలిగినవాడు ఇంకా పుట్టలేదు. చెప్పేవాళ్లు మాత్రం వీధికి ఇద్దరు ఉంటారు. నేను ఈ వైరస్‌తోనే పెరిగినవాణ్ణి. పుస్తకాల్లో రాసే దశలు చాలావరకు నా ఒంటి మీదుగానే నడిచాయి కాబట్టి కాస్త గట్టిగానే మాట్లాడతాను.

నాది నిజామాబాద్ జిల్లా. 2007లో సౌదీ వీసా కోసం మెడికల్‌కు వెళ్తే ‘అన్‌ఫిట్’ అని కాగితం చేతిలో పెట్టారు. ఎందుకని అడిగితే కౌంటర్లో మనిషి తల ఎత్తకుండానే ‘హెపటైటిస్’ అన్నాడు, వెనక వరుసలో నిలబడ్డ మా ఊరివాళ్లంతా వినేలా. వారం తిరిగేసరికి ఊళ్లో నాకు ఎయిడ్స్ అని కొందరు, కామెర్లని కొందరు తేల్చేశారు. అమ్మ పసరు పోయించింది. నా కళ్లు తెల్లగానే ఉన్నాయి, ఆకలి బాగానే ఉంది. ఏ కామెర్లకు పోశారో ఆ పసరాయనకే తెలియాలి. కలుషితమైన నీటితో వచ్చే హెపటైటిస్ ఎ, ఇ చాలామందికి కొన్ని వారాల్లో వాటంతట అవే తగ్గిపోతాయి. ఆ పుణ్యమంతా పసరు ఖాతాలో పడుతుంది. ఆ పేరు విని బి ఉన్నవాళ్లు కూడా వెళ్తారు. పత్యం చేస్తారు, పరీక్షలు మానేస్తారు, కడుపులో నీరు చేరాక పెద్దాసుపత్రి వెతుక్కుంటారు. మా బంధువుల్లోనే అలా పోయినవారున్నారు.

అప్పటి నా రిపోర్టు చూస్తే ఎవరైనా జడుసుకుంటారు. ఈ-యాంటిజెన్ పాజిటివ్. వైరల్ లోడ్, అంటే రక్తంలో వైరస్ ఎంత ఉందన్న లెక్క, మిల్లీలీటరుకు 11 కోట్ల యూనిట్లు. ఎస్‌జీపీటీ మాత్రం 27. కోట్లలో వైరస్ ఉంటే కాలేయం అంకె అంత చక్కగా ఎలా ఉంటుంది? కాలేయ కణాలను దెబ్బతీసేది ప్రధానంగా వైరస్ కాదు, దాన్ని తరమడానికి వచ్చే మన రోగనిరోధక శక్తి. ఆ వయసులో నా ఒంటికి ఆ వైరస్ పరాయిదని తోచనే లేదు. ఆలుమగలు మాటలు మానేసిన ఇంట్లోంచి అరుపులు వినబడవు కదా, అలాంటి నిశ్శబ్దం అది. పాత పుస్తకాల్లో దీన్ని సహన దశ అనేవారు. 2017లో యూరప్ కాలేయ నిపుణుల సంఘం పేర్లు మార్చింది. కాలేయం ఊరికే ఉంటే ‘ఇన్‌ఫెక్షన్’, దెబ్బతింటూ ఉంటే ‘హెపటైటిస్’. ఈ-యాంటిజెన్ ఉన్నవాళ్లకూ ఆ రెండూ ఉన్నాయి, లేనివాళ్లకూ ఆ రెండూ ఉన్నాయి. ప్రశ్నకు సంబంధించిన కిటుకంతా ఆ చివరి ముక్కలోనే ఉంది.

తర్వాత అమ్మకు పరీక్ష చేయిస్తే ఆమెకూ పాజిటివే. కాన్పు సమయంలో సోకితే నూటికి తొంభై మందిలో ఇది దీర్ఘకాలం ఉండిపోతుంది. పెద్దయ్యాక సోకితే నూటికి ఐదుగురిలోపే. పుట్టిన 24 గంటల్లోపు పడాల్సిన టీకా నా తరానికి లేదు. హైదరాబాద్‌లోని శాంతా బయోటెక్నిక్స్ 1997లో దేశీయంగా తయారైన తొలి టీకా తెచ్చేనాటికి నేను హైస్కూల్లో ఉన్నాను. ప్రభుత్వ టీకాల పట్టికలో దేశమంతటా చేరింది 2011లో. అందుకు ఎవరినీ తిట్టను గానీ, ఇప్పుడు ఆ టీకా ఊరికే వేస్తుంటే ‘పసిగుడ్డుకు మొదటి రోజే సూదేమిటి’ అని అడ్డుపడే పెద్దవాళ్లను చూస్తే మాత్రం ఒళ్లు మండుతుంది.

ముప్పై దాటాక నా ఎస్‌జీపీటీ 180కి ఎక్కింది. ఒంటికి మెలకువ వచ్చిందన్నమాట. కొన్నాళ్లకు ఈ-యాంటిజెన్ నెగటివ్ అయింది, దానికి ఎదురుగా ఒళ్లు తయారుచేసుకునే యాంటీబాడీ, యాంటీ-హెచ్‌బీఈ, పాజిటివ్ వచ్చింది, ఎస్‌జీపీటీ ముప్పైల్లోకి దిగింది. మా బావమరిది మందుల దుకాణం నడుపుతాడు. రిపోర్టు చూసి, ‘బావా, యాంటిజెన్ పోయింది, పైగా యాంటీబాడీ వచ్చింది. ఇక నీకు జబ్బు లేనట్టే’ అని ఆ సాయంత్రమే మైసూర్‌పాక్ డబ్బాతో ఇంటికొచ్చాడు. మంచి మనసుతోనే అన్నాడు. కానీ వైరస్ వదిలిందని చెప్పుకోదగ్గ యాంటీబాడీ ఎస్-యాంటిజెన్‌కు ఎదురుగా వచ్చే యాంటీ-హెచ్‌బీఎస్, అదీ హెచ్‌బీఎస్‌ఏజీ నెగటివ్ అయ్యాక. నాకు వచ్చింది అది కాదు. చివర ఒక్క అక్షరం తేడా. ఆ తేడా తెలియక మిఠాయి పంచుకున్న ఇళ్లు మన రెండు రాష్ట్రాల్లో వేలల్లో ఉంటాయని నా గట్టి నమ్మకం.

2018లో ఎప్పుడూ బడలికగా ఉంటోందని హైదరాబాద్‌లో ఒక కాలేయ నిపుణుడి దగ్గరికి వెళ్లాను. ఆయన నన్ను పరీక్షించకముందు నా ఫైలు అడిగారు. ప్లాస్టిక్ కవర్లోని కాగితాలన్నీ బల్ల మీద పోసి, పిన్నులు గోటితో ఊడదీసి, తేదీల వారీగా పరిచారు. ల్యాబుల ప్రకటనలున్న పైపేజీలను చెత్తబుట్టలో వేశారు. తర్వాత ఒక పాత స్కానింగ్ కవరు వెనుక రెండు నిలువు గళ్లు గీసి, మొదటి గడిలో ఎస్‌జీపీటీలు రాసుకుంటూ పోయారు: 34, 61, 38, 29, 77, 41, 92. రెండో గడి మీద ‘వైరల్ లోడ్’ అని రాసి, కింద వేయడానికి అంకె లేక పెన్ను పట్టుకుని నా వైపు చూశారు.

‘ఈ-నెగటివ్ వచ్చాక ఇది చేయించలేదా?’

‘అవసరం లేదన్నారండీ.’

‘ఎవరు?’

బావమరిదిని ఇరికించడం ఇష్టంలేక ‘అందరూ’ అన్నాను.

ఆయన నవ్వలేదు. 61, 77, 92 చుట్టూ ఎర్ర సిరాతో సున్నాలు చుట్టి, వీటికి ఏమని చెప్పారని అడిగారు. ఒకరు ఫ్యాటీ లివర్ అన్నారు, ఒకరు నూనె తగ్గించమన్నారు, ఒకరు నేను తాగుతానేమోనని మా ఆవిడను పక్కకు పిలిచి అడిగారు. 38, 29 వచ్చినప్పుడు మాత్రం అంతా భేషుగ్గా ఉందన్నారు. ‘ఈ జబ్బు నడకే ఇంత. లేస్తుంది, పడుకుంటుంది. పడుకున్న రోజు రక్తం ఇచ్చి వచ్చారు’ అన్నారాయన. వైరల్ లోడ్ చేయిస్తే 64,000. కాలేయం ఎంత గట్టిపడిందో కొలిచే ఫైబ్రోస్కాన్‌లో 8.6, అంటే కాలేయం అప్పటికే కొంత గట్టిపడింది. మా బావమరిది మైసూర్‌పాక్ తెచ్చిన ఏళ్లన్నీ అది మెల్లగా గట్టిపడుతూనే ఉందన్నమాట.

ఆ వరసలో మీ 38 కూడా ఉంది చూడండి.

ఈ-యాంటిజెన్ పోవడం చాలామందికి నిజంగానే మేలు. వైరల్ లోడ్ 2,000 లోపు స్థిరపడుతుంది, ఎస్‌జీపీటీ కదలదు, ఏళ్ల తరబడి కాలేయం ప్రశాంతంగా ఉంటుంది. కానీ కొందరిలో వైరస్ జన్యువులో చిన్న మార్పు వచ్చి ఈ-యాంటిజెన్ తయారుకావడం ఆగిపోతుంది, వైరస్ పెరగడం మాత్రం ఆగదు. మన దేశంలోనూ మధ్యధరా ప్రాంతంలోనూ బాగా కనిపించే డి రకం వైరస్‌కు ఈ అలవాటు ఎక్కువ. బయటి నుంచి చూస్తే ఇద్దరి రిపోర్టూ ఒకటే: ఎస్ పాజిటివ్, ఈ నెగటివ్, యాంటీ-ఈ పాజిటివ్. ఒకరు నిశ్చింతగా ఉండవచ్చు, ఇంకొకరికి మందు కావాలి. విడదీసి చెప్పేవి వైరల్ లోడూ, నెలల ఎడంతో తీసిన ఎస్‌జీపీటీలూ. మొదటి ఏడాది మూడు నెలలకోసారి ఎస్‌జీపీటీ చూడమనేది అందుకే. హెచ్‌బీఎస్‌ఏజీ పాజిటివా నెగటివా అని కాకుండా ఎంత ఉందో కొలిచే పరీక్ష కూడా ఉంది. అది 1,000 లోపు, వైరల్ లోడ్ 2,000 లోపు ఉంటే కాస్త ధైర్యంగా ఉండవచ్చు. ఇవన్నీ చేయించినా ఏ గడిలోనూ ఇమడని వాళ్లు బోలెడంత మంది ఉంటారు. పట్టికలు గీసినవాళ్లకు ఈ సంగతి తెలుసు, పట్టిక బట్టీపట్టినవాళ్లకే తెలియదు.

ల్యాబులతో నాకో పాత తగాదా ఉంది. ఎస్‌జీపీటీ 50 దాకా, కొన్నిచోట్ల 55 దాకా ‘నార్మల్’ అని అచ్చు వేస్తారు. అమెరికా కాలేయ నిపుణుల సంఘం మగవాళ్లకు 35, ఆడవాళ్లకు 25 అంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 మార్గదర్శకాల్లో ఆ హద్దు ఇంకా కింద, 30, 19. ఆ లెక్కన మగవారైనా ఆడవారైనా మీ 38 నార్మల్ కాదు. కంప్యూటర్ నల్ల అక్షరాల్లో ముద్రించింది కాబట్టి మీరు నార్మల్ అనుకున్నారు. పాత రిపోర్టుల్లో వైరల్ లోడ్ ‘కాపీల్లో’ ఉంటుంది, సుమారు ఐదు కాపీలు ఒక యూనిట్. అది చూసుకోక అయిదింతలు తగ్గిందని సంబరపడినవారిని ఎరుగుదును. ఇక పండుగ తగ్గింపు ధరకు అరవై డెబ్బై పరీక్షలు చేసే ప్యాకేజీలున్నాయి. విటమిన్లన్నీ కొలుస్తారు, కావలసిన వైరల్ లోడ్ మాత్రం అందులో ఉండదు.

మందు గురించి అడగలేదు గానీ చెబుతాను. వైరస్ పెరగకుండా ఆపే టెనోఫోవిర్ మాత్ర రోజుకొకటి వేసుకుంటున్నాను. వైరల్ లోడ్ ఇప్పుడు కనబడనంత తగ్గింది, ఎస్‌జీపీటీ ఇరవైల్లో ఉంది. హెచ్‌బీఎస్‌ఏజీ మాత్రం ఇంకా పాజిటివే. కాలేయ కణాల కేంద్రకంలో దాక్కున్న వైరస్ మూలప్రతిని ఈ మాత్ర తాకలేదు. మందు వాడినా వాడకున్నా ఎస్-యాంటిజెన్ పూర్తిగా పోవడం ఏడాదికి నూటికి ఒకరికి అటూఇటూ మాత్రమే. అందుకే ‘ఇంకా పాజిటివే కదా, ఈ మందు పనిచేయడం లేదు’ అని మధ్యలో ఆపేసేవాళ్లను చూస్తే భయమేస్తుంది. ఆపిన కొన్ని నెలలకు జబ్బు ఒక్కసారిగా విరుచుకుపడవచ్చు. ఖర్చుకు జంకుతున్నవారికి, 2018 జూలై 28న మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద ప్రభుత్వ చికిత్స కేంద్రాల్లో పరీక్షలూ మందులూ ఉచితం.

మీరు ఇప్పుడు చేయవలసింది వైరల్ లోడ్ పరీక్ష, ఒక ఫైబ్రోస్కాన్, ఇంట్లో అందరికీ హెచ్‌బీఎస్‌ఏజీ పరీక్ష, వైరస్ లేనివారికి టీకా. అల్ట్రాసౌండ్ ఎన్నాళ్లకోసారి కావాలో డాక్టరును అడగండి. బి ఉన్నవారికి కాలేయ జబ్బు ముదరకుండానే క్యాన్సర్ రావచ్చు. కీళ్లకో చర్మానికో స్టెరాయిడ్ రాసే డాక్టరుకు, ఎప్పుడైనా కీమోథెరపీ అవసరపడితే ఆ డాక్టరుకు, మందు చీటీ రాయకముందే మీకు హెపటైటిస్ బి ఉందని చెప్పండి. నిద్రపోతున్న వైరస్‌ను ఆ మందులు లేపుతాయి. వాళ్లు అడుగుతారులే అని ఊరుకోకండి, నన్ను ఇంతవరకు ఒక్కరూ అడగలేదు.