అయిదేళ్ళ గుర్రంతో మొదటిసారి రెండు రోజుల బ్యారెల్ రేసింగ్ పోటీకి వెళితే ఎన్ని సెకండ్లు ఆశించాలి?

మీ దగ్గర అయిదేళ్ళ ఆడగుర్రం ఉన్నదనీ, ఆరు నెలలుగా దానికి పీపాల చుట్టూ తిరగడం నేర్పుతున్నారనీ, వచ్చే నెలలో శని, ఆదివారాల పోటీకి తీసుకువెళ్ళాలనుకుంటున్నారనీ రాశారు. ఎన్ని సెకండ్లలో పరుగు ముగిస్తే గుర్రం సరైన దారిలో ఉన్నట్టు అని అడిగారు. తప్పకుండా తీసుకువెళ్ళండి. అరీనాలో, అంటే కంచె వేసిన పోటీ మైదానంలో, త్రిభుజంగా నిలిపిన మూడు పీపాలను వరుసగా చుట్టి ఎంత త్వరగా తిరిగివస్తే అంత గొప్ప అనే పందెమే ఇది, అయినా సెకండ్ల సంగతి మాత్రం ఆ రెండు రోజులూ మరచిపోండి. గత అక్టోబరులో ఇదే వయసు గుర్రంతో, ఇదే ప్రశ్నను మనసులో పెట్టుకొని వెళ్ళి, శనివారం చేసిన తప్పును ఆదివారం దిద్దుకున్న అనుభవంతో ఈ మాట చెబుతున్నాను.

మేము టెక్సస్‌లో, డాలస్‌కు ఉత్తరాన డెంటన్ దగ్గర ఉంటున్నాము. నాది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. గుర్రాల మీద ప్రేమ మాత్రం తెనాలిలో జట్కా తోలిన మా తాతగారి నుంచి వచ్చింది. బండి విప్పిన తరువాత ఆయన గుర్రాన్ని చెమట ఆరేదాకా నడిపించి, మాలీసు చేసి, ఉలవ గుగ్గిళ్ళు పెట్టిన తరువాతనే తాను అన్నానికి కూర్చునేవారు. నా గుర్రం పేరు చుక్క, నుదుట తెల్లని చుక్క ఉన్నందుకు. అది క్వార్టర్ హార్స్. పావు మైలు దూరాన్ని అందరికన్నా వేగంగా పరుగెత్తుతుంది కనుక ఆ జాతికి ఆ పేరు వచ్చింది. అటువంటి జాతి గుర్రానికి వేగం నేర్పవలసిన పని లేదు. ఆ వేగాన్ని ఎక్కడ ఆపుకోవాలో, కొత్త చోట బెదరకుండా ఎలా ఉండాలో నేర్పవలసి ఉంటుంది, ఆ రెండూ ఇంటి దగ్గర పూర్తిగా నేర్పగలిగినవి కావు.

పోటీ స్టీఫెన్‌విల్‌లో జరిగింది. మా ఇంటి నుంచి సుమారు 100 మైళ్ళు. ట్రైలర్‌లో పక్కన తోడుగా మా పొరుగావిడ ముసలి గుర్రం కూడా ఉన్నందువల్ల చుక్క దారిలో నిలకడగానే ఉన్నది. దిగిన తరువాత బకెట్‌తో నీళ్ళు పెడితే మూతి ముంచి, తల ఎత్తేసింది. కొత్త ఊరి నీళ్ళ వాసన కొన్ని గుర్రాలకు పట్టదు. ఇంటి నుంచి నాలుగు క్యాన్లతో నీళ్ళు తెచ్చుకోవాలని పొరుగావిడ ముందే చెప్పినా, ట్రైలర్‌లో చోటు లేదని నేను వినలేదు. పెద్ద గుర్రం రోజుకు పాతిక నుంచి నలభై లీటర్ల దాకా నీళ్ళు తాగుతుంది. చుక్క ఆ పగలంతా గుక్కెడు కూడా తాగలేదు. పోటీ సంగతి తరువాత, ఈ గుర్రం ఈ రోజు పరుగెత్తగలదా లేదా అని నేను నిర్ణయించుకోవలసిన క్షణం నిజానికి అదే. నేను గడియారం వైపు చూస్తూ ఉండిపోయాను.

నా వంతు తొమ్మిదవది. అక్కడ ప్రతి పది పరుగులకు ఒకసారి ట్రాక్టర్‌తో మట్టిని చదును చేశారు కనుక, నేను వెళ్ళేసరికి మూడో పీపా చుట్టూ మట్టి గోతులు పడి ఉన్నది. అనుభవం ఉన్న గుర్రం అటువంటి మట్టిలో అడుగు సర్దుకుంటుంది. చిన్న గుర్రం ఒకసారి జారితే, ఆ మలుపునే చాలా కాలం నమ్మదు. ఎదుగుతున్న గుర్రాలను చదును చేసిన వెంటనే వదిలే ఏర్పాటు నిర్వాహకులు ఎందుకు చేయరో నాకు అర్థం కాదు, దానివల్ల ఎవరికీ నష్టం లేదు.

అరీనాలోకి వెళ్ళే ఇరుకు దారి దగ్గర చుక్క ఆగిపోయింది. రెండు పక్కలా ఇనుప గొట్టాల కంచె, తల మీద మోగుతున్న పాట, ఎదురుగా లైట్లు. వెనుకకు నాలుగు అడుగులు వేసి, చెవులు వెనక్కి పెట్టి, ఒళ్ళంతా బిగబట్టింది. నేను మడమలతో పొడిచాను. అది లోపలికి వెళ్ళింది కానీ, వెళ్ళాలని కాదు, నా మడమల నుంచి తప్పించుకోవాలని వెళ్ళింది. మొదటి పీపా చుట్టూ కుడివైపు చక్కగా తిరిగింది. అక్కడి నుంచి రెండో పీపాకు 90 అడుగులు. ఆ కొద్ది దూరంలోనే గుర్రం ముందు వేసే కాలు కుడి నుంచి ఎడమకు మార్చుకోవాలి, వేగం తగ్గించుకోవాలి, బరువును వెనుక కాళ్ళ మీదికి తెచ్చుకోవాలి. అంత పని ఉన్న చోట, రెండో పీపా వెనుక కంచెకు కట్టిన ప్రకటన గుడ్డ గాలికి టపటప కొట్టుకున్నది. చుక్క కాలు మార్చడం మాని, ఆ గుడ్డను చూసి కంచె వైపు పక్కకు దూకింది. నేను భయపడి ఎడమ పగ్గం గట్టిగా లాగి, మళ్ళీ పొడిచాను. అది బెదురుతోనే పీపా చుట్టి, 105 అడుగుల అవతల ఉన్న మూడో పీపాకు ఒకే ఊపుతో వెళ్ళి, మలుపు మొదలు కాకముందే భుజం లోపలికి వాల్చింది. నా మోకాలు తగిలి పీపా పడిపోయింది. ఒకప్పుడు మన కిరోసిన్ డిపోల ముందు కనిపించిన పీపాల వంటివే అవి, 55 గ్యాలన్లవి. మోకాలికి తగిలితే వారం రోజులు గుర్తుంటుంది. ఆ పోటీ నియమం ప్రకారం పీపా పడితే ఆ పరుగు లెక్కలోకి రాదు.

బయటికి వచ్చాక చుక్క కళ్ళలో తెల్లగుడ్డు కనబడుతున్నది, డొక్కలు ఎగిరెగిరి పడుతున్నాయి. నాకు తెలిసిన మన తెలుగువారు ఇద్దరు అక్కడికి వచ్చారు. వారు ప్రేమతోనే అడిగారు, కానీ మొదటి ప్రశ్న 'ఎన్ని సెకండ్లు?' అనే వచ్చింది, రెండవది 'ఎన్నో స్థానం?' అని. ర్యాంకు లేని పని పనే కాదన్న ఆ అలవాటు ఇంటర్మీడియట్ చదువుతో మనలో దిగి, సముద్రాలు దాటినా వదలదు. ఆ సాయంత్రం నాకు నలుడు, ఋతుపర్ణుడు గుర్తుకు వచ్చారు. రథం పరుగెత్తుతూ ఉండగానే ఋతుపర్ణుడు చెట్టు ఆకులను, కాయలను లెక్కపెట్టగలిగాడు. నలుడికి తెలిసినది అశ్వహృదయం. లెక్క తెలిసినవాడు ఎంత గొప్పవాడైనా, ఆ రథాన్ని తోలినవాడు నలుడే కదా. ఆ రోజు నేను లెక్క మాత్రమే పట్టుకొని గుర్రమెక్కాను.

చాలామంది స్కాంపర్ అనే గుర్రం కథ చెప్పి తొందరపెడతారు. షార్మైన్ జేమ్స్ అనే అమెరికా అమ్మాయి 14 ఏళ్ళ వయసులో 1984లో ఆ గుర్రం మీద బ్యారెల్ రేసింగ్‌లో ప్రపంచ విజేత అయి, 1993 వరకు వరుసగా పదిసార్లు గెలిచారు. 1985 జాతీయ ఫైనల్స్‌లో కళ్ళెం తల నుంచి ఊడిపోయినా స్కాంపర్ మూడు పీపాలూ చుట్టివచ్చి ఆ రౌండు గెలిచింది. ఈ కథలో అందరూ అమ్మాయి వయసు చెబుతారు, గుర్రం వయసు చెప్పరు. స్కాంపర్ పుట్టినది 1977లో. మొదటిసారి గెలిచినప్పుడు దానికి ఏడేళ్ళు, కళ్ళెం ఊడిన రాత్రికి ఎనిమిది, చివరి విజయానికి పదహారు. కళ్ళెం లేకపోయినా దారి తప్పలేదంటే ఆ దారి గుర్రానికి భయం లేకుండా తెలిసి ఉండాలి. గుర్రం వెన్నెముక పూర్తిగా గట్టిపడడానికే అయిదారేళ్ళు పడుతుంది. ఫ్యూచురిటీలు అనే లేత గుర్రాల పోటీల బహుమతి కోసం మూడేళ్ళ గుర్రప్పిల్లలను బిగించి తిప్పేవారిని చూస్తే నాకు కోపం వస్తుంది. ఆ పద్ధతి తప్పని నేను గట్టిగా నమ్ముతున్నాను. పొద్దున్నుంచి సాయంత్రం దాకా జీను బిగించిన గుర్రాన్ని ఎండలో ట్రైలర్‌కు కట్టేసి ఉంచడం కూడా అంతే తప్పు.

శనివారం రాత్రి పొరుగావిడ నన్ను ఏమీ అనలేదు. మర్నాడు ఎగ్జిబిషన్‌కు ఒక వంతు కొనమని మాత్రం చెప్పారు. పోటీకి ముందు కొద్దిపాటి రుసుము తీసుకొని, అరీనాలో ఒక నిమిషం మన ఇష్టం వచ్చినట్టు గుర్రాన్ని తిప్పుకోనిచ్చే ఏర్పాటు అది. ఆదివారం పొద్దున ముసలి గుర్రాన్ని ముందు నడిపించి, చుక్కను దాని వెనుకే ఆ ఇరుకు దారిలోకి తీసుకువెళ్ళాను. పాట మోగుతున్నా ముసలి గుర్రం తల దించుకొని నడిచింది; చుక్క దాన్ని చూసి నడిచింది. నా నిమిషం మొదలయ్యాక పీపాల జోలికి పోకుండా నేరుగా రెండో పీపా దాటి ఆ గుడ్డ దగ్గరికి వెళ్ళి, పగ్గాలు వదులు చేసి ఆగాను. చుక్క మెడ చాచి గుడ్డను వాసన చూసింది, ముక్కుతో తోసింది, పెద్దగా ఊపిరి వదిలింది. నిమిషం అక్కడే అయిపోయింది. రుసుము కట్టి ఒక్క పీపా కూడా తిప్పలేదేమని కంచె దగ్గర ఒకావిడ అడిగారు. రెండు రోజులకు నేను పెట్టిన డబ్బులో అంత ఫలితం ఇచ్చిన డబ్బు మరొకటి లేదు.

మధ్యాహ్నం పోటీలో మొదటి పీపా దాకా దౌడు తీయనివ్వకుండా నెమ్మది పరుగుతో వెళ్ళాను. కాలు మార్చుకోవడానికి దానికి కావలసినంత వ్యవధి ఇచ్చాను, అది మార్చుకున్నది. రెండో పీపా దగ్గర ఒక చెవి గుడ్డ వైపు తిరిగింది, కాళ్ళు మాత్రం తిరగలేదు. మూడో పీపాకు కావాలనే ఒక అడుగు దూరంగా వెళ్ళి, మలుపు పూర్తయ్యాక పగ్గాలు వదిలి దాన్ని దాని ఇష్టానికి ఇంటిదారి పట్టనిచ్చాను. పీపాలు మూడూ నిలబడ్డాయి; పై నుంచి చూస్తే మారేడు దళంలా ఉండే ఆ దారిని అది మొదటిసారి బెదరకుండా పూర్తి చేసింది. సమయం 22 సెకండ్లకు పైనే. గెలిచినవారు 17కు దగ్గరలో ఉన్నారు. పట్టికలో నా పేరు చివరిది.

కాబట్టి మీ పోటీకి ఇంటి నీళ్ళు తీసుకువెళ్ళండి, వీలైతే తోడుకు ఒక పెద్ద గుర్రాన్ని తీసుకువెళ్ళండి, రెండు రోజులూ ఎగ్జిబిషన్ వంతు కొనండి. శనివారం గుర్రం ఎక్కడ బెదిరిందో కాగితం మీద రాసుకోండి, ఆదివారం ఆ చోటికే నడకతో వెళ్ళండి. పోటీలో నెమ్మదిగా వెళితే ప్రవేశ రుసుము వృథా అని ఎవరైనా అంటే వినకండి; ఆ రుసుము చెల్లించేది గుర్రం చదువుకే.

ఆదివారం సాయంత్రం జీను విప్పి, నడిపించి, తాతగారు చేసినట్టే గడ్డి కుచ్చుతో వీపు, డొక్కలు రుద్దాను. శనివారం తల ఎత్తేసిన ఆ బకెట్‌నే, ఆ ఊరి నీళ్ళతోనే మళ్ళీ ముందు పెట్టాను. చుక్క మూతి ముంచింది. సగం బకెట్ ఖాళీ అయ్యేదాకా తల ఎత్తలేదు. తరువాత ఒక వెనుక కాలి గిట్ట కొస నేలకు ఆనించి, కింది పెదవి వేలాడదీసి, ట్రైలర్ పక్కన నిలబడే కునుకు తీసింది. నేను ట్రైలర్ మెట్టు మీద కూర్చొని, అది మేలుకునేదాకా బండి కదల్చలేదు.