ఓడకి ఉన్నది ఫ్యానా, మరా, చోదకమా?

సందేహం: ఓడల మరమ్మతు పని నేర్చుకునే పిల్లలకు తెలుగులో పాఠాలు రాస్తున్నాను. ఓడని ముందుకు తోసే ప్రొపెల్లర్ దగ్గర ఆగిపోయాను. ఒకరు 'చోదకం' అనమన్నారు, ఇంకొకరు 'పంఖా' అన్నారు. రేవులో మాత్రం 'ఫ్యాను' అంటారు. రకాల పేర్లు ఇలా రాసుకున్నాను: స్థిర ప్రొపెల్లర్, తిరిగే రెక్కల ప్రొపెల్లర్, నాళ ప్రొపెల్లర్, దిగంశ ప్రొపెల్లర్, సవ్య ప్రొపెల్లర్, అపసవ్య ప్రొపెల్లర్. ఇవి సరైనవేనా?
— ఒక అధ్యాపకుడు, విశాఖపట్నం

సమాధానం: మీ జాబితాలో నన్ను అన్నిటికంటే ఇబ్బంది పెట్టింది 'తిరిగే రెక్కల ప్రొపెల్లర్'. "తిరగని రెక్కల ప్రొపెల్లర్ కూడా ఉంటుందా సార్?" అని మొదటి బెంచీ కుర్రాడు అడిగాడంటే మీరూ నేనూ ఇద్దరం నీళ్ళు నమలాల్సిందే. దాని సంగతి తర్వాత చూద్దాం. ముందు అసలు పేరు తేల్చుకోవాలి.

'చోదకం' తప్పు మాట కాదు. సంస్కృతంలో 'చుద్' అంటే ముందుకు తోయడం, పురికొల్పడం. గాయత్రిలోని 'ప్రచోదయాత్' కూడా ఇందులోంచి వచ్చిందే. ప్రొపెల్లర్ అనే మాటనీ విడదీసి చూడండి. లాటిన్‌లో 'ప్రో' అంటే ముందుకు, 'పెల్లెరె' అంటే నెట్టడం. ఆ ప్రో, మన ప్ర ఒకే మూలం నుంచి వచ్చిన తోబుట్టువులు. అంచేత 'ప్రచోదకం' అంటే అచ్చు గుద్దినట్టు సరిపోతుంది. వ్యుత్పత్తి వరకు ఇంత ముచ్చటైన మాట దొరకదు. చిక్కల్లా వాడుకలోనే వస్తుంది. వాహన చోదకుడు అంటే డ్రైవరని అందరికీ అలవాటైపోయింది. 'ఓడ చోదకం పాడైంది' అని రాస్తే పిల్లవాడు స్టీరింగు పాడైందనుకుంటాడు. మాట సరైనదై ఉండి, వినేవాడికి వేరే అర్థం చేరుతుంటే దాన్ని పట్టుకు వేలాడటం నాకు నచ్చదు.

'పంఖా' హిందీ మాట. తెలుగులో ఒత్తు పోయి 'పంకా' అయింది. రాయదలిస్తే అలాగే రాయండి. అయితే మన పెద్దవాళ్ళకి పంకా అంటే కచేరీల్లో (ఆఫీసుల్లో) తాడు కట్టి లాగిన గుడ్డ విసనకర్ర. దానికీ ఓడకీ పొత్తు కుదరదు.

ఇక ఫ్యాను. కొన్నేళ్ళ కిందట కాకినాడ జగన్నాథపురం వంతెన దగ్గర ఉప్పుటేటి గట్టున ఒక బోటు ఆగి ఉంది. నడుంలోతు నీళ్ళలో నిలబడి ఒకతను కత్తితో ఏదో కోస్తున్నాడు. చేతికి నైలాను దారాలు చుట్టలు చుట్టలుగా వస్తున్నాయి. ఏమైందని అడిగితే తలెత్తకుండానే "ఫ్యానులో వల పడిందండి" అన్నాడు. ఆ వాక్యంలో మీరూ నేనూ సరిచేయాల్సింది ఏమీ లేదు. ఆకారాన్ని బట్టి పెట్టుకున్న పేరది. ఇంట్లో ఫ్యాను స్లాబుకి బిగించి ఉంటుంది కాబట్టి గాలిని కిందికి తోస్తుంది. అదే పరికరాన్ని కదిలే బోటుకి బిగిస్తే నీళ్ళు వెనక్కి పోతాయి, బోటు ముందుకు పోతుంది. పని చేసే పద్ధతి ఒకటే. పాఠంలో మొదటిసారి ప్రొపెల్లరు అని రాసి, పక్కనే 'బోటువాళ్ళు ఫ్యాను అంటారు' అని తప్పక చేర్చండి. రేపు పనిలోకి దిగాక పిల్లలకు చెవిన పడేది ఆ మాటే.

మీరు అడగని మాట ఇంకొకటుంది: మర. మేకు మీద ఉండే చుట్టునీ మర అంటాం, యంత్రాన్నీ మర అంటాం. మరమేకు, పిండిమర, మరబోటు. ఇంగ్లీషు నావికులు ఇప్పటికీ ప్రొపెల్లరుని 'స్క్రూ' అనే అంటారు, అంటే మరే. దానికి కారణం ఉంది. 1836లో లండన్‌లో ఫ్రాన్సిస్ పెటిట్ స్మిత్ పేటెంటు తీసుకున్నది నిజంగా మరలాంటి వస్తువుకే. రెండు పూర్తి చుట్లున్న కొయ్య మర అది. మరుసటి ఏడు పాడింగ్టన్ కాలువలో పరీక్షిస్తుంటే దేనికో తగిలి సగం విరిగిపోయింది. పడవ ఆగిపోవాలి కదా, అంతకుముందు కన్నా జోరుగా పోయిందట! చుట్టు తగ్గితేనే మేలని అలా తెలిసింది. తర్వాతి కాలంలో చుట్టు తగ్గుతూ తగ్గుతూ రెక్కలు మిగిలాయి. 1845లో బ్రిటిష్ నౌకాదళం ఈ మర ఉన్న రాట్లర్ ఓడనీ, పక్కల చక్రాలున్న అలెక్టో ఓడనీ వెనక భాగాలు కలిపి తాడుతో కట్టి లాగుడు పందెం పెడితే, రాట్లర్ రెండోదాన్ని వెనక్కి ఈడ్చుకుపోయింది. మర పోయి ఫ్యాను ఆకారం వచ్చినా పేరు మాత్రం పాతదే నిలిచింది.

మర అనే మాట మీ పాఠంలో ఇంకో పనికి అక్కరకొస్తుంది. 'పిచ్' అంటే ఏమిటో చెప్పడానికి. చెక్కలో మరమేకు దించేటప్పుడు ఒక చుట్టు తిప్పితే ఎంత లోపలికి దిగుతుందో, అంత దూరం ఆ మేకు పిచ్. ప్రొపెల్లరుకీ అంతే: ఒక్క చుట్టుకి ఎంత ముందుకు పోవాలో ఆ దూరం. నీళ్ళు చెక్క కాదు కాబట్టి కొంత జారిపోతుంది, నిజంగా పోయే దూరం తగ్గుతుంది. పిచ్‌ని 'వాలు' అని రాయవచ్చా అంటే, జాగ్రత్తగా. వాలు డిగ్రీల్లో ఉంటుంది, పిచ్ మీటర్లలో ఉంటుంది. ఆరు మీటర్ల వ్యాసమున్న ప్రొపెల్లరుకి ఐదు మీటర్ల పిచ్ అనుకోండి. రెక్క కొస దగ్గర వాలు సుమారు 15 డిగ్రీలు. అదే రెక్కలో మధ్య నుంచి మీటరు దూరాన చూస్తే 38 డిగ్రీలు దాటుతుంది. కొస పెద్ద చుట్టు తిరుగుతుంది, మొదలు చిన్న చుట్టు తిరుగుతుంది, రెండూ ముందుకు పోవాల్సింది మాత్రం ఒకే దూరం. అందుకే రెక్క మెలితిరిగి ఉంటుంది. పిచ్ ఒక్కటే, వాలు మాత్రం అడుగడుక్కీ మారుతుంది. పిచ్‌ని పిచ్‌గానే ఉంచండి.

అసలు మాటని కూడా ప్రొపెల్లరుగానే ఉంచమని నా సలహా. సముద్రం పనిలో మనం మొదటి నుంచీ అలాగే చేశాం. ఓడ, పడవ, తెడ్డు, రేవు మనవి. చుక్కాని అరబ్బుల 'సుక్కాన్'. లంగరు, సరంగు పారశీకం నుంచి వచ్చాయి. ఎవరు ఏ పరికరంతో వస్తే దాని పేరు కూడా రేవులో దిగింది, నాలుగు రోజులకి తెలుగు కట్టు కట్టింది. ప్రొపెల్లరు కూడా చివర ఉకారం తగిలించుకుని ప్రొపెల్లరు రెక్క, ప్రొపెల్లర్లు అంటూ హాయిగా కలిసిపోతుంది. తెలుగు చేయాల్సింది దాని ముందు వచ్చే విశేషణాన్ని. ఎందుకంటే రకాల మధ్య తేడా అంతా అక్కడే ఉంది.

ఇప్పుడు 'తిరగడం' సంగతి. ఈ ఒక్క క్రియ మూడు వేరు వేరు కదలికలకు సరిపోతుంది. ఇరుసుతో పాటు ప్రొపెల్లరు మొత్తం తిరగడం ఒకటి. రెక్క తన మొదలు మీద తాను మళ్ళి వాలు మార్చుకోవడం రెండోది. ప్రొపెల్లరు ముఖమే కుడికో ఎడమకో తిరిగిపోవడం మూడోది. మొదటిది అన్నిటికీ ఉంది. మిగిలిన రెండూ కొన్నిటికే ఉన్నాయి. రకాలు ఏర్పడింది వాటివల్లే.

'స్థిర ప్రొపెల్లర్' అనకండి. కదలకుండా ఉన్న ప్రొపెల్లరు అని అర్థం వస్తుంది, అంటే లంగరేసిన ఓడది. ఇంగ్లీషు పేరు 'ఫిక్స్‌డ్ పిచ్ ప్రొపెల్లర్'లో స్థిరమైంది పిచ్, ప్రొపెల్లరు కాదు. 'రెక్క కదలని ప్రొపెల్లరు' అంటే చాలు. రెక్కలూ నడిమి బొడ్డూ ఏకంగా ఒకే పోతలో కంచు మిశ్రమంతో పోస్తారు. కదిలే భాగాలు లేవు, చెడే భాగాలూ లేవు. పెద్ద సరుకు ఓడలన్నీ దాదాపు ఇవే వాడతాయి. ఎమ్మా మెర్స్క్ అనే కంటెయినర్ ఓడ ప్రొపెల్లరుకి ఆరు రెక్కలు, బరువు సుమారు 130 టన్నులు. ఇలాంటి ఓడ వెనక్కి పోవాలంటే ఇంజనునే ఆపి, ఎదురు దిక్కుకి మళ్ళీ నడపాలి.

మీ 'తిరిగే రెక్కల' దానికి 'రెక్క వాలు మార్చుకునే ప్రొపెల్లరు' అని రాయండి. కొంచెం పొడుగే, కానీ అబద్ధం లేదు. బొడ్డు లోపల నూనె ఒత్తిడితో పనిచేసే యంత్రాంగం ఒక్కో రెక్కనీ మళ్ళిస్తుంది. ఇరుసు ఎప్పుడూ ఒకే వైపు తిరుగుతూ ఉంటుంది. వాలు ఎదురు చేస్తే ఓడ వెనక్కి పోతుంది. స్వీడన్ వాళ్ళ కామెవా కంపెనీ 1937లో మొదలుపెట్టిన పద్ధతి, కప్లాన్ నీటి టర్బైను రెక్కల నుంచి తెచ్చుకున్న ఆలోచన. మాటిమాటికీ ముందుకీ వెనక్కీ కదలాల్సిన ఫెర్రీలకీ, యుద్ధనౌకలకీ ఇది అనుకూలం. బొడ్డు లావు కావడం, ఖర్చు, మరమ్మతు తలనొప్పి దీని బాధలు.

'నాళం' వినగానే నాకు నాడి, గొట్టం తోస్తాయి. ఇక్కడున్నది ప్రొపెల్లరు చుట్టూ తొడిగిన పొట్టి కడియం. మనకి దీనికి చక్కని మాట సిద్ధంగా ఉంది: ఒర. కత్తికి ఒర ఉంటుంది, నూతికి సిమెంటు ఒరలు దించుతాం. 'ఒర ఉన్న ప్రొపెల్లరు' అనండి, నూతిని చూసిన ఏ పిల్లవాడికైనా బొమ్మ లేకుండా అర్థమవుతుంది. 1930ల్లో జర్మనీలో లుడ్విగ్ కోర్ట్ ప్రచారంలోకి తెచ్చాడు కాబట్టి కోర్ట్ నాజిల్ అనీ అంటారు. నెమ్మదిగా పోతూ బరువు లాగే టగ్గులకీ, వల ఈడ్చే ట్రాలర్లకీ లాగుడు బలం పెంచుతుంది. జోరుగా పోయే ఓడకి ఆ ఒరే అడ్డం.

'దిగంశ' అజిముత్‌కి (దిక్కుని కోణంలో చెప్పే లెక్కకి) ఖగోళశాస్త్రంలో ఉన్న మాట. అజిముత్ అరబ్బీలో 'దిక్కులు' అనే మాట, కాబట్టి మీరు అర్థం సరిగానే పట్టారు. కానీ ఫిట్టరు పని నేర్చుకునేవాడికి నక్షత్రాల లెక్కలు ఎందుకండీ? 'ఎటైనా మళ్ళే ప్రొపెల్లరు' సరిపోతుంది. ఓడ అడుగున వేలాడే ఈ ప్రొపెల్లరు నిలువు ఇరుసు మీద చుట్టూ తిరిగి, ఎటు కావాలంటే అటు తోస్తుంది. కొన్నిట్లో ఇంజను ఓడలోనే ఉండి పళ్ళచక్రాలతో శక్తిని కిందికి పంపుతుంది. కొన్నిట్లో కరెంటు మోటారే నీళ్ళలో వేలాడే కాయలో ఉంటుంది. కాయ అని ఊరికే అనలేదు, ఇంగ్లీషు 'పాడ్' అంటే చిక్కుడుకాయలాంటి కాయే. అజిపాడ్ అనేది ఏబీబీ కంపెనీ సరుకు పేరు, రకం పేరు కాదు. ఫోటోకాపీని జెరాక్స్ చేసినట్టు దీన్నీ చేయకండి. ఇది ఉన్న ఓడకి వేరే చుక్కాని అక్కర్లేదు. 'చుక్కాని లేని నావ' అని మనం దిక్కుతోచని బతుకుని అంటాం కదా, ఇవాళ రేవులో అన్నిటికంటే చులాగ్గా మలుపు తిరిగేది చుక్కాని లేని ఓడే.

మీ జాబితాలో లేనిది ఒకటి చేర్చండి: వోయిత్ ష్నైడర్. ఆస్ట్రియా ఇంజినీరు ఎర్నెస్ట్ ష్నైడర్ ఆలోచన, జర్మనీ కంపెనీ వోయిత్ తయారీ, 1928లో టోర్క్వియో అనే పడవ మీద పరీక్షించారు. ఓడ అడుగున తిరగలి రాయిలా ఒక పళ్ళెం గిర్రున తిరుగుతుంది. దాని నుంచి కత్తుల్లాంటి రెక్కలు నిలువుగా కిందికి దిగి ఉంటాయి, ఒక్కోటీ చుట్టులో తన కోణం మార్చుకుంటూ పోతుంది. 'నిలువు రెక్కల ప్రొపెల్లరు' అందాం. చూడ్డానికి ఇది ఫ్యానులా ఉండదు, మరలా అసలే ఉండదు. దీని ముందు కాకినాడ మాటా లండన్ మాటా రెండూ ఓడిపోతాయి. ప్రొపెల్లరు ఒక్కటే నెగ్గుతుంది, అది ఆకారం చెప్పదు, పని చెబుతుంది కాబట్టి.

చివరగా సవ్యం, అపసవ్యం. ఈ జంట మహా చిక్కుది. సంస్కృతంలో సవ్యం అంటే ఎడమ. ఎడమచేత్తోనూ బాణం వేయగలడు కనకే అర్జునుడు సవ్యసాచి. జంధ్యం మామూలుగా ఎడమ భుజం మీద ఉంటుంది, అది సవ్యం. పితృకార్యంలో కుడి భుజానికి మారిస్తే అపసవ్యం. మామూలుగా ఉండేది సవ్యం కాబట్టి తెలుగులో ఆ మాటకి 'సరైనది' అనే అర్థం స్థిరపడింది, గడియారం ముల్లు తిరిగే వైపు సవ్యదిశ అయింది. ఆ అర్థంలో వాడితే తప్పు లేదు. కానీ ప్రొపెల్లరుని అమరం (ఓడ వెనకభాగం) వైపు నిలబడి చూస్తే సవ్యంగా తిరిగేది, అణియం (ముందుభాగం) వైపు నుంచి అపసవ్యం అవుతుంది. వెనక్కి నడిపితే అదీ తారుమారే. మరమేకుని ఏ కొస నుంచి చూసినా దాని వాటం మారదు కదా, ప్రొపెల్లరుకీ అంతే. అందుకని 'కుడివాటం ప్రొపెల్లరు', 'ఎడమవాటం ప్రొపెల్లరు' అని రాయండి. ముందుకు పోయేటప్పుడు వెనక నుంచి చూస్తే గడియారంలా తిరిగేది కుడివాటం, అని ఒక్కసారి చెబితే చాలు. ఇది పేరుతో పోయే తేడా కాదు. రెక్క కదలని కుడివాటం ప్రొపెల్లరు ఒక్కటే ఉన్న ఓడని వెనక్కి నడిపితే అమరం ఎడమకి జరుగుతుంది. రేవు గోడకి ఓడని ఆనించేవాళ్ళు దీన్ని లెక్కలో వేసుకునే పని చేస్తారు.

రెండు ప్రొపెల్లర్లున్నప్పుడు 'జంట' అని ఊరుకోకండి. పక్కపక్కన రెండు ఇరుసుల మీద ఉన్నవి వేరు, ఒకే ఇరుసు వరసలో ముందొకటీ వెనకొకటీ ఉండి ఎదురెదురుగా తిరిగేవి వేరు. రెండోవాటిని టార్పెడోల్లో చూస్తాం, ఒకటి నీళ్ళకి పెట్టే మెలికని రెండోది విప్పుతుంది. 'ఎదురు తిరిగే జంట' అంటే... ఆగండి, 'ఎదురు తిరగడం' తెలుగులో తిరుగుబాటు! 'ఎదురు వాటపు జంట' అనండి.